గుర్రాలు పాట వింటాయా

ఏప్రిల్ వచ్చినా కొండపట్టణం నరిన్ వీధుల పక్కన మురికిపట్టిన మంచు ఇంకా కరగలేదు. ఆ రోజు సంస్కృతి భవనంలో జిల్లా బడిపిల్లల సైన్సు ప్రదర్శన జరుగుతోంది. హాల్లో వేడి సరిగా లేక పిల్లలు కోట్లు విప్పకుండానే తమ తమ బల్లల వెనక నిలబడి, న్యాయనిర్ణేతలు ఎప్పుడొస్తారా అని చూస్తున్నారు.

ముగ్గురు న్యాయనిర్ణేతల్లో బురులై ఒకరు. పట్టణంలోని పెద్దబడిలో ఫిజిక్సు టీచరు. ఆమె పాఠం చెబితే మొద్దుపిల్లాడికి కూడా అర్థమవుతుందని పేరు. ఆమె దగ్గర పిచ్చిమాటలు సాగవని అంతకన్నా పెద్ద పేరు. ఆ రెండో పేరంటేనే ఆమెకు ఎక్కువ ఇష్టం.

దానికి కారణం లేకపోలేదు. ఆమె తండ్రి గుర్రాల కాపరి. రాజధానిలో చదువుకునే రోజుల్లో హాస్టల్లో పట్నపు పిల్లలు ఆమె పక్కన కూర్చోవాల్సి వస్తే గుర్రపుపాల వాసనంటూ ముక్కు మూసుకునేవారు. ఆమె వాళ్లకు మార్కులతోనే జవాబు చెప్పింది. తర్వాత పాత పెద్దదేశం ముక్కలైన చెడ్డరోజుల్లో జనం టీవీ ముందు నీళ్ల సీసాలు పెట్టుకుని, తెరమీద కనిపించే మంత్రగాడి చూపు పడితే ఆ నీళ్లు మందైపోతాయని నమ్మారు. బురులై అత్తగారు షుగరు మందులు మానేసి ఆ నీళ్లే తాగింది. ఎంత చెప్పినా వినలేదు. చివరికి కళ్లు పోయాయి. అప్పటినుంచీ ఇలాంటి మాట ఎక్కడ వినిపించినా బురులైకి ఒళ్లు మండిపోయేది.

ఆ రోజు మొదట ఇస్కెందర్ అనే కుర్రాడి బల్ల దగ్గరికి వెళ్లారు. ఇసుక, బొగ్గు, ఉన్ని పొరలు పొరలుగా పేర్చి నదినీళ్లు వడకట్టే పరికరం చేశాడు. బొగ్గు పెంచిన కొద్దీ నీళ్లు తేటపడతాయని తేల్చాడు. మాట చక్కగా ఉంది, చొక్కా కాలరు ఇస్త్రీగా ఉంది, గోడకు అంటించిన గ్రాఫు ఇంకా ముచ్చటగా ఉంది. గీత మీద చుక్కలన్నీ దారానికి గుచ్చిన పూసల్లా కూర్చున్నాయి.

బురులై చూపు ఆ చుక్కల మీద ఒక్క క్షణం ఆగింది. ఎన్నో ఏళ్లుగా పిల్లల చేత ప్రయోగాలు చేయించిన మనిషి ఆమె. చేత్తో కొలిస్తే చుక్కలు అంత బుద్ధిగా కూర్చోవు. ఒకటి అటు, ఒకటి ఇటు దూకుతాయి. ‘ఎన్నిసార్లు కొలిచావు?’ అని అడగాలని నోటిదాకా వచ్చింది. కానీ చెప్పింది సరైన మాటే కదా, ఏ పుస్తకం తీసినా అదే ఉంటుంది కదా అనుకుని అడగలేదు. నిండా మార్కులు వేసి ముందుకు నడిచింది.

పక్క బల్ల బేగాయిమ్‌ది. కొండవార పల్లెనుంచి వచ్చిన సన్నటి పిల్ల. అట్టమీద పెద్ద అక్షరాలతో ‘పాట పాడితే గుర్రం ఎక్కువ పాలిస్తుందా?’ అని రాసుకొచ్చింది. దాని కింద ‘ఇస్తుంది’ అని జవాబు. బురులై ఆ జవాబు ముందు చూసింది. ఇంక మిగతాదేదీ చూడలేదు.

“ఇంతకీ ఏ పాట పాడతావమ్మా గుర్రానికి?” అని అడిగింది.

“నేను కాదు, ఎజే. మా పెద్దమ్మ తాజిగుల్ పాడుతుంది.” అక్కడ పిల్లలు టీచరమ్మను అక్కా అన్నట్టే ఎజే అంటారు. “పాలు పితికేటప్పుడు ఎప్పుడూ పాడుతూనే ఉంటుంది. పోయిన వేసవిలో ఒకరోజు పాడమన్నాను, మర్నాడు నోరు మూసుకోమన్నాను. పాడిన రోజుల్లో పాలు ఎక్కువొచ్చాయి.”

“గుర్రం మెచ్చుకుందా పాట బాగుందని?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బేగాయిమ్ కూడా, నవ్వాలేమో అనుకుని, కొంచెం నవ్వింది. “అది తెలీదు, ఎజే. నేను ఎలా కొలిచానంటే...”

“కోముజ్ కూడా వాయించి చూడకపోయావా? పాలెందుకు, ఏకంగా వెన్నే దిగేది.”

ఈసారి హాలు సగం నవ్వింది. నిర్ణేతల అధ్యక్షుడు సాదిర్‌బెక్, రిటైరైన బయాలజీ మాస్టారు, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. బేగాయిమ్ చెయ్యి అట్టమీద ఏదో చూపించబోయి మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కోటు జేబులో పెట్టుకుంది.

“చూశాంలే అమ్మా,” అంది బురులై. ఆమె చూడలేదు.

ఇస్కెందర్‌కు మొదటి బహుమతి వచ్చింది. రాజధాని బిష్కెక్‌లో జరిగే పోటీకి ఇక వాడే వెళ్తాడు. చప్పట్లు అయిపోయి జనం మెట్లు దిగుతుంటే బేగాయిమ్ ఆమెకు ఎదురొచ్చింది. అట్టను చుట్టచుట్టి చంకలో పెట్టుకుంది. ఏడ్చిన ముఖం కాదది. ఏదో లెక్క తేలక ఆలోచిస్తున్న ముఖం.

“ఎజే, ఎక్కడ తప్పు చేశానో చెప్పండి. దిద్దుకుంటాను.”

“అడిగిన ప్రశ్నే తప్పమ్మా. ఇంక దిద్దుకోడానికేముంది?” అని బురులై తొందరగా వెళ్లిపోయింది.

ఆ తర్వాత నిర్ణేతలకు టీ, బోర్సోకులు పెట్టారు. సాదిర్‌బెక్ నూనెలో వేగిన బోర్సోకును తేనెలో ముంచుతూ, “వెన్న దిగేదన్నావు చూడు, చచ్చాననుకో నవ్వలేక,” అన్నాడు. బురులై నవ్వింది. ఇంటికి నడిచి వెళ్తుంటే, ఆ మాటకు ముందు పిల్ల చెప్పబోయింది గుర్తొచ్చింది. ఇంతకీ ఆ పిల్ల ఎలా కొలిచింది? ఆలోచించి చూస్తే ఆమెకేమీ తెలియదు. అయినా ‘చేసిన పద్ధతి’ అన్నచోట అందరికన్నా తక్కువ మార్కులు వేసింది తానే. తెలియని దానికి మార్కులు ఎలా వేసింది? చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. జవాబే అంత అడ్డగోలుగా ఉంటే పద్ధతి మాత్రం ఏం బాగుంటుందిలే అని సర్దుకుని, ఇంటికెళ్లి వంట మొదలుపెట్టింది.

మే నెలలో సాదిర్‌బెక్ ఫోన్ చేశాడు. గొంతు నిండా విసుగు.

“బిష్కెక్‌లో మన పరువు పోయింది, బురులై. ఆ ఇస్కెందర్ గాడిని అక్కడ ఎన్నిసార్లు కొలిచావని అడిగారట. వాడు గుటకలు మింగి, ఒక్కసారే కొలిచాను, మిగతావి గీత మీదకొచ్చేట్టు నేనే వేసుకున్నాను అన్నాడట. వాళ్ల నాన్న పక్కనే ఉన్నాడట పాపం. ఈ జిల్లాలో ఇది పట్టుకునే మనిషే లేడా అని మొహం మీద అడిగారట.”

బురులై కుర్చీలో కూర్చుంది. “నేను చూశాను, అగాయ్,” అంది. మాస్టార్లను అక్కడ అలాగే పిలుస్తారు.

“ఏం చూశావు?”

“ఆ చుక్కలు. అవి కొలిచినవి కావని ఆ రోజే అనుకున్నాను.”

“అనుకుంటే అడగాలి కదమ్మా.”

“వాడు చెప్పింది నిజమే కదా అనిపించింది.”

“ఊఁ,” అన్నాడు సాదిర్‌బెక్. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆయన తిట్టలేదు. “నేనూ అడగలేదులే,” అని పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఆమెకు అన్నం సహించలేదు. ఇద్దరు పిల్లలు పక్కపక్క బల్లల దగ్గర నిలబడ్డారు. ఒకడు తనకు నచ్చిన మాట చెప్పాడని వాడి అబద్ధాన్ని చూసీ చూడనట్టు ఊరుకుంది. ఇంకొకతె నచ్చని మాట చెప్పిందని దాని నిజాన్ని విననే లేదు. మంత్రగాళ్లను తిట్టుకుంటూ ఇన్నేళ్లు బతికింది. టీవీ ముందు సీసా పెట్టుకున్న అత్తగారు చేసింది మాత్రం ఇంకేమిటి? ముందే నమ్మదలుచుకున్నది నమ్మింది, వద్దనుకున్నది వినలేదు. ఆ పోలిక తట్టగానే బురులైకి ఒంటరిగా ఉన్నా ముఖం వేడెక్కింది. లేచి వెళ్లి అక్కర్లేకపోయినా గిన్నెలు మళ్లీ తోమింది.

వెళ్లి ఆ పిల్లను కలవాలనుకుంది. బడికి ఫోన్ చేస్తే వాళ్ల కుటుంబం మంద తోలుకుని కొండమీది మేతకు వెళ్లిపోయిందన్నారు. జూన్ అంతా ఏదో ఒక వంక దొరికింది. గోడలకు సున్నం వేయించాలి, ఆప్రికాట్ జాము కాయాలి, మోకాలు నొప్పి. అవన్నీ వంకలేనని ఆమెకు తెలుసు. తన కొడుకు వయసు కూడా లేని పిల్ల ముందు తలవంచుకుని నిలబడాలంటే కాళ్లు రాలేదు, అంతే. చివరికి జూలైలో, పైకి సరుకులు తీసుకెళ్లే ట్రక్కు డ్రైవరు పక్కన కూర్చుని సోన్‌కుల్ సరస్సు పక్కనున్న మేతభూములకు వెళ్లింది.

గుడారం దగ్గర మొదట కనిపించింది తాజిగులే. అరవై ఏళ్ల మనిషి, ఎండకు కమిలిన బుగ్గలు, చేతిలో తోలుసంచిలో కిమిజ్ చిలికే కవ్వం. బురులై పేరు చెప్పగానే ఎగాదిగా చూసింది.

“ఓహో. మా గుర్రాలను చూసి నవ్విన టీచరమ్మవు నువ్వేనా? రా చెల్లీ, కూర్చో. గుర్రాలు మరేం అనుకోవులే, వాటికి చదువు రాదు.”

గిన్నె నిండా కిమిజ్ పోసి ఇచ్చింది. బురులై తలెత్తకుండా తాగింది. పులిసిన గుర్రపుపాలు, పొగ వాసన, తండ్రి ఇంట్లో తాగినవే. హాస్టల్లో ఏ వాసనకు ముక్కులు మూసుకున్నారో ఆ వాసనే.

“బేగాయిమ్ లేదా?”

“అదిగో, పిల్లగుర్రాల దగ్గర. నాకు ఈ వేసవిలో అది పెడుతున్న చిత్రహింస చూడు, ఉండు.”

చూస్తే అర్థమైంది. పాలు పితికే వేళైంది. బేగాయిమ్ వచ్చి, బురులైని చూసి ఆగి, తల వంచి పలకరించి, ఇంకేం మాట్లాడకుండా పనిలోకి దిగింది. పెద్దమ్మ చెవుల్లో రెండు ఉన్ని ఉండలు కుక్కింది. వాటి మీద శాలువా చుట్టి గట్టిగా ముడేసింది. తాజిగుల్ ఒంటి మోకాలి మీద కూర్చుని, తొడమీద బకెట్టు పెట్టుకుని, గుర్రం పొదుగు పట్టుకుంది. పిల్ల పక్కన లేకపోతే తల్లి పాలు చేపదు కనుక, ఒక కుర్రది పిల్లగుర్రాన్ని తల్లి ముట్టె దగ్గర నిలబెట్టింది. బేగాయిమ్ గుర్రానికి అవతలి పక్కకు వెళ్లి దాని చెవి దగ్గర మెల్లగా పాడింది. తర్వాతి గుర్రానికి పాడలేదు, పాడినట్టు పెదవులు మాత్రం ఆడించింది. పెద్దమ్మకు ఏది పాటో ఏది కాదో తెలిసే దారే లేదు.

బురులై కళ్లార్పకుండా చూసింది. ఇంత చక్కని ఏర్పాటు తన బడిలో ఏ పిల్లా చేయలేదు.

పని అయ్యాక శాలువా విప్పుకుంటూ తాజిగుల్, “చెవిలో ఉన్ని, నెత్తిమీద ఎండ. పాలు పితుకుతున్నానో గోతిలో పడ్డానో తెలీదు,” అని గొణుక్కుంటూ బకెట్టు తీసుకెళ్లింది.

ఇద్దరూ గడ్డిలో కూర్చున్నారు. బురులై దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

“చెవుల్లో ఉన్ని ఎందుకు పెట్టావు?” అంది.

“పోయినేడు పాడొద్దన్న రోజు పెద్దమ్మకు చిరాకొచ్చేది, ఎజే. గబగబా పితికేసి లేచిపోయేది. పిల్లగుర్రాన్ని కూడా దగ్గర నిలవనిచ్చేది కాదు. మీరు తప్పన్నాక ఎక్కడ తప్పా అని ఆలోచిస్తే అది తట్టింది. పాలు తగ్గింది పాట లేక కాదేమో, పెద్దమ్మ తొందర వల్లేమోనని. అందుకే ఇప్పుడు ఆమెకు తెలీకుండా చేస్తున్నాను.”

“ఏమైంది మరి?”

“తేడా లేదు, ఎజే.” బేగాయిమ్ గడ్డిపరక పీకి రెండుగా చీల్చింది. “పాడినా అంతే, పాడకపోయినా అంతే. మీరు చెప్పిందే నిజమైంది.”

బురులై ఈ మాట వినడానికి సిద్ధపడి రాలేదు. పిల్ల చెప్పింది నిజమై, తాను అబద్ధమై ఉంటే క్షమించమని అడగడం సులువుగా ఉండేది. ఇప్పుడు తన మాటే నిలిచింది. దానిలో తన వంతు ఏమీ లేదు. నిలబెట్టింది ఎండలో చెవులు మూయించుకున్న ఆ పెద్దామె, ఈ పిల్ల.

“నేనేం చెప్పలేదమ్మా,” అంది. “నవ్వాను, అంతే. నవ్వడం చెప్పడం కాదు. ఎవరు పితికారు, ఎలా పితికారు అని ఆ రోజు రెండు మాటలు అడిగి ఉంటే, నువ్వక్కడే పట్టుకునేదానివి. అది నా పని. నా పని నేను చేయలేదు. నన్ను క్షమించమ్మా.”

బేగాయిమ్ చీల్చిన గడ్డిపరకను మళ్లీ చీల్చింది. క్షమించానని అనలేదు. “సరే, ఎజే,” అంది.

“దీన్ని మళ్లీ ప్రదర్శనకు తీసుకురావూ?”

“తేడా లేదు అని రాసుకొస్తే ఎవరు చూస్తారు?”

చూస్తారని చెప్పబోయి బురులై ఆగింది. తాను చూసేదా? పోయిన ఏప్రిల్లో అలాంటి అట్ట కనిపిస్తే ఆగేదా? ఆమె కొండవైపు చూసింది. అవతల తాజిగుల్ ఇంకో గుర్రం పక్కన కూర్చుని, చెవులు ఖాళీగా ఉన్నాయన్న సంతోషంతో కాబోలు, గొంతెత్తి పాడుతోంది.

“తేడా లేదని తేలిపోయింది కదా, ఇంకా పాడుతోందే,” అంది బురులై.

“చెప్పాను, ఎజే. పాలకోసం పాడేదాన్ననుకున్నావా పిచ్చిదానా అంది.”

తర్వాతి ఏప్రిల్లో సాదిర్‌బెక్ మళ్లీ నిర్ణేతగా పిలిచాడు. బురులై ముందు రానంది. తర్వాత, ప్రదర్శన మొదలయ్యే ముందు రెండు మాటలు మాట్లాడనిస్తే వస్తానంది. తాను అవమానించింది హాలు ముందు, కాబట్టి తప్పు ఒప్పుకోవాల్సింది కూడా హాలు ముందేనని శీతాకాలమంతా తేల్చుకుంది.

వేదిక ఎక్కి చెప్పింది. పోయినేడు ఒక బల్ల దగ్గర అనుమానం వచ్చినా అడగకుండా మార్కులు వేశానని, ఇంకో బల్ల దగ్గర వినకుండానే ఎగతాళి చేశానని, రెండూ అన్యాయమేనని. పిల్లల పేర్లు చెప్పలేదు. జవాబు నచ్చిందా లేదా అని కాదు, జవాబు దగ్గరికి ఎలా వచ్చారో చూడండి అని తోటి నిర్ణేతలను అడిగింది.

పేర్లు చెప్పకపోయినా గుర్రాల సంగతి అందరికీ గుర్తుంది. తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. అక్కడ చివరి వరసలో, ఏడాదిలో బాగా పొడుగైన బేగాయిమ్ నిలబడి ఉంది. అట్టమీద అదే ప్రశ్న. కింద ‘తేడా కనిపించలేదు’ అని ఉంది. ఆమె చెవుల దాకా ఎర్రబడి, అట్ట వెనక్కి జరిగింది. ఎక్కడో ఒక కుర్రాడు సన్నగా సకిలించాడు.

బురులై వేదిక దిగుతూ అది విన్నది.

ఆ బల్లకు తాను మార్కులు వేయకూడదని ఆమె ముందే అనుకుంది. మిగతా ఇద్దరూ వెళ్లారు. సాదిర్‌బెక్ చాలాసేపు నిలబడి, చెవుల్లో ఉన్ని సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. దూరంనుంచి బురులైకి బేగాయిమ్ చేతులు కనిపించాయి. గాలిలో గుర్రాన్ని గీస్తూ, అటు పక్క తానూ ఇటు పక్క పెద్దమ్మా అని చూపిస్తున్నాయి. బహుమతి మాత్రం రాలేదు. గాలిమర చేసినవాడికి వచ్చింది. దాన్ని వాడే చేశాడు, అడిగితే అన్నీ చెప్పాడు, ఎవరూ తప్పు పట్టలేకపోయారు.

సాయంత్రం బస్సు ఆగేచోట బేగాయిమ్ ఒక్కతే నిలబడి ఉంది. బురులై దగ్గరికి వెళ్లింది.

“నేను మాట్లాడింది విన్నావు కదా,” అంది. ఏదో మంచిమాట వస్తుందని లోపల ఎక్కడో ఆశపడింది.

“విన్నాను, ఎజే.” పిల్ల రోడ్డువైపు చూస్తోంది. “పోయినేడు మీరు నవ్వాక బడిలో అందరూ నన్ను చూసి సకిలించేవాళ్లు. నా పేరే మర్చిపోయారు. శీతాకాలం వచ్చేసరికి మానేశారు. ఇవాళ మళ్లీ మొదలుపెట్టారు.”

బురులై వెనక్కి తిరిగి హాలువైపు చూసింది.

“నన్నొక మాట అడిగి చెప్పాల్సింది, ఎజే. నేను వద్దనేదాన్ని.”

“అవును,” అంది బురులై. “అడగాల్సింది.”

రెండోసారి కూడా ఆ పిల్లను అడగకుండానే ఆ పిల్ల సంగతి తేల్చేసింది. మొదటిసారి తన కోపం కోసం, ఇప్పుడు తన మనశ్శాంతి కోసం. క్షమించమని మళ్లీ అందామనుకుంది. ఆ మాట ఇంకొకసారి అంటే అది కూడా తనకోసమే అవుతుందని నోరు మూసుకుంది. చలికి ఇద్దరి నోళ్లనుంచీ ఆవిరి వస్తోంది.

“నా బల్ల దగ్గరికి ఎందుకు రాలేదు?” అంది బేగాయిమ్ ఉన్నట్టుండి.

“నీకు మార్కులు వేసే అర్హత నాకు లేదనుకున్నాను.”

“మార్కులు వేయకపోతే పోయె. వచ్చి అడగొచ్చు కదా. సాదిర్‌బెక్ అగాయ్ అడిగినవన్నీ తేలికవే.”

బురులై తలెత్తి చూసింది. ఆ ముఖంలో చనువు లేదు, కోపం కూడా లేదు. ఎవరైనా సరిగ్గా అడిగితే బాగుండునని చాలాకాలంగా ఎదురుచూస్తున్న ముఖం.

“ఇప్పుడు అడగనా?”

“బస్సొచ్చేస్తుంది.”

“వచ్చేదాకా.”

బేగాయిమ్ కాస్త ఆలోచించి, చంకలోని అట్టను గోడకు ఆనించింది. “అడగండి.”

“పెద్దమ్మ చెవులు మూశావు, బాగుంది. కానీ పాడుతున్నది నువ్వు, పాడుతున్నావో లేదో తెలిసింది నీకు. పాలు కొలిచింది ఎవరు?”

“నేనే,” అంది పిల్ల మెల్లగా. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. జేబుల్లోంచి చేతులు బయటికి వచ్చాయి. “ఉండండి, ఎజే. ఉండండి, చెప్తాను.”